అరగంట

నాకు బొమ్మల సంగతి తెలియదు.
బ్రిస్టల్ బాకీల కోర్టులో అమీనా వెంట నడిచే గుమాస్తాని.
వస్తువును చూడటం, వెల రాయడం,
కింద గీత గీయడం, అంతే నా విద్య.

రెడ్‌క్లిఫ్ గుట్ట కింద ఆ ఇల్లు
గాజు కొలుముల మధ్య ఇరుక్కుని ఉండేది.
పగలంతా మసి, రాత్రంతా ఎరుపు.
నరకం ఎలా ఉంటుందో ఆంబ్రోజ్ టిలార్డ్
ఊహించాల్సిన పని లేదు,
కిటికీ తీస్తే చాలు.

కుర్చీలు రెండు, ఒకటి కుంటిది.
రాగి కెటిల్. పిల్ల బూట్లు ఒక జత,
అవి రాయబోతే అమీనా నా మోచేయి పట్టుకున్నాడు.

ఆ తర్వాత మేడ మీది గది.
పద్నాలుగు అడుగుల గుడ్డ.
కొండలు తలకిందులై పట్నం మీద పడుతున్నాయి,
ఆకాశం పాత దుప్పటిలా నిలువునా చిరిగింది,
స్తంభాలు, రాజులు, గుర్రాలు, సముద్రం,
అన్నీ ఒకే లోయలోకి జారుతున్నాయి.
మనుషులు మాత్రం మిరియాలంత.
ఒక్కొక్క మిరియానికీ నోరు తెరిచి ఉంది.

ఆయన కథ రేవులో అందరికీ తెలుసు.
తమ్ముణ్ణి సెవర్న్ నది పడవతో సహా మింగింది.
చెక్కిన రాగి పలకలు నకలు కొట్టి
లండన్‌లో ఎవడో మేడ కట్టాడు.
కూతురి సమాధి మట్టి ఆరకముందే
హానా బాత్‌లోని అక్క ఇంటికని వెళ్ళింది,
వెళ్ళిందంతే.
గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా,
ఈయన దగ్గర రోకలి ఆగనేలేదు,
గోరే మిగల్లేదు.

బొమ్మ నడిమధ్యలో, చిన్న మంచమంత మేర,
రంగు లేదు. వట్టి గుడ్డ.
"పూర్తి కాలేదా?" అన్నాను, కలం ముంచుతూ.

"అయింది" అన్నాడు.
"ఏడో ముద్ర విప్పినప్పుడు
పరలోకంలో అరగంటసేపు అందరూ ఊరుకున్నారట.
ఉరుములు ఎవడైనా వేస్తాడు."
కాసేపాగి, గోడతో చెప్పినట్టు,
"ఫీబీ ఊపిరి ఆగాక
పక్క కొలిమిలో పాళీ మారే గంట కొట్టేదాకా
సరిగ్గా అంతే పట్టింది."

నేను రాశాను: అసంపూర్ణం.
నాలుగు పౌండ్లు తగ్గింపు.

తలుపులోంచి పట్టలేదు ఆ ప్రళయం.
చట్రం కోయాల్సి వచ్చింది.
నిచ్చెన ఆయనే పట్టుకున్నాడు,
మా కూలీలకు ఆయనే నేర్పాడు:
"రంగు పైకి ఉండేలా చుట్టండి,
లోపలికి చుడితే పగిలిపోతుంది."
అలా నలుగురి భుజాల మీద
లోకాంతం వీధిలోకి వచ్చింది.
చేపల ఆవిడ బుట్ట దించి శిలువ గీసుకుంది.
పిల్లలు వెనకాలే నడిచారు, మలుపు దాకా.

వేలంలో ఎవరూ అడగలేదు.
చివరికి తెరచాపల వ్యాపారి ఒకడు
గజాల లెక్కన కొన్నాడు.
ఆంబ్రోజ్, జైలు నుంచి వచ్చాక,
ఓడల మీద పేర్లు రాసి బతికాడని విన్నాను.
అక్షరానికి రెండు పెన్నీలు.
పొడుగు పేర్ల ఓడలంటే ఇష్టమట.

ఆ చలికాలం వెల్ష్ బ్యాక్ రేవులో
జమైకా చక్కెర పీపాల మీద ఒక గుడ్డ కప్పి ఉంది.
అంచుల్లో తారు పూశారు.
తారు కింద ఒక గుర్రం కాలు, ఒక గోపురం ముక్క.
నడుమ ఆ ఖాళీ మాత్రం
ఎవరూ ముట్టనట్టు అలాగే ఉంది.
వాన దాని మీద పడుతోంది.
హమాలీలు అరుస్తున్నారు, గిలకలు కీచుమంటున్నాయి,
నాకేమీ వినపడలేదు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.
జేబులో గడియారం ఉంది.
తీయలేదు.